దాచవలసిన పేరు, చెప్పవలసిన లెక్క

(దర్శిలో జరిగిన మన సంఘ వార్షిక సమావేశంలో వైద్య సహాయ ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి ఏడాదీ ఈ సభలో మా ఉపసంఘం వాళ్ళం లేచి ఇంతమందికి సహాయం చేశాము, ఇంత ఖర్చయింది, ఇంత మిగిలింది అని చదివి కూర్చునేవాళ్ళం. ఈసారి లెక్కలు కోశాధికారి గారు చదివారు గనుక మేము వేరొక సంగతి మనవి చేయదలచాము. అందులో మా తప్పు కూడా ఉన్నది. తప్పును నలుగురిలో ఒప్పుకోవటం కష్టమే. కాని ఒప్పుకోకుండా మీకు సలహాలు చెప్పటం ఇంకా కష్టం.

కొన్నేళ్ళ కిందట మన చుట్టుపక్కల పల్లెనుండి ఒక పెద్దమనిషి మా దగ్గరకు వచ్చాడు. ఆయన పేరు, ఊరు ఇక్కడ చెప్పబోము. ఎందుకు చెప్పబోమో ఈ ప్రసంగం పూర్తయ్యే సరికి మీకే తెలుస్తుంది. ఆయనకు రక్త క్యాన్సరు. సంఘం నుండి కొంత డబ్బు ఇచ్చి, మాలో ఇద్దరం వెంటబెట్టుకొని పట్నంలో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయాము. అక్కడ వారు కొత్త మందు ఒకటి పరీక్షలో ఉన్నదనీ, ఒప్పుకుంటే ఆ మందు ఉచితమనీ చెప్పారు. ఉచితం అన్న మాట చెవిన పడగానే మాకు ప్రాణం లేచివచ్చింది. ఇరవై పేజీల ఇంగ్లీషు కాగితాలు ముందు పెట్టారు. ఆయన వేలిముద్ర వేశాడు. సాక్షి ఉన్నచోట మేము సంతకం పెట్టాము. చదివామా అంటే చదవలేదు. నకలు అడిగామా అంటే అడగలేదు. చీకటి పడకముందే దర్శి బస్సు అందుకోవాలన్న తొందరలో ఉన్నాము.

ఆరేడు నెలలకు ఆయన పోయాడు. జబ్బు అటువంటిది, ఎవరినీ అనటానికి లేదు. నలభై దినాలు గడిచాక ఆయన భార్య మాకు కబురుపెట్టింది. వెళ్ళాము. ఆమె ఏడవలేదు, దెప్పలేదు. ఒక్క మాట అడిగింది: "భాయ్, కొంతమందికి మందు, కొంతమందికి ఉత్త గోళీ ఇస్తారంట గదా. మా ఆయనకు ఇచ్చింది మందా, ఉత్త గోళీనా? అంతమాత్రం కనుక్కొని చెప్పండి. నా మనసు కుదుటపడుతుంది."

మేము మళ్ళీ పట్నం పోయాము. రోగి వివరాలు రహస్యం, బయటివారికి చెప్పరాదు అన్నారు. పరీక్ష ఎవరు చేయిస్తున్నారు, దాని నంబరు ఏమిటి అని అడిగాము. అదీ చెప్పలేదు. నకలు మా దగ్గర లేదు. వచ్చిన దారినే తిరిగి వచ్చాము.

ఇది ఒక ఎత్తు. రెండవ ఎత్తు వినండి. ఆ ఏడాది మన సావనీరులో, అంటే ఇదే సావనీరులో, వైద్య సహాయం పొందినవారి పట్టిక వేశాము. వరుస నంబరు, పేరు, తండ్రి పేరు, ఊరు, జబ్బు, ఇచ్చిన మొత్తం. అందులో ఆయన పేరు, ఎదురుగా "రక్త క్యాన్సరు" అని అచ్చయింది. దాతలకు లెక్క చూపాలన్న మంచి ఉద్దేశంతోనే వేశాము. ఆ పుస్తకం కంభం వైపు ఒక ఇంటికి చేరింది. ఆ ఇంటివారు ఆయన కూతురిని చేసుకోవటానికి మాట ఇచ్చి ఉన్నారు. రక్తంలో జబ్బు అంటే బిడ్డకూ వస్తుందేమోనని భయపడి మానుకున్నారు. చాలా మటుకు రక్త క్యాన్సర్లు తండ్రి నుండి బిడ్డకు సంక్రమించేవి కావు అని డాక్టరు చేత చెప్పించాము. అప్పటికే ఆలస్యమైంది. తరువాత ఆ అమ్మాయికి మరొక మంచి సంబంధం కుదిరింది, సంతోషం. కాని ఆ ఇంట్లో ఆ ఏడాది ఎలా గడిచిందో మేము చూశాము.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏది ఊరంతటికీ తెలియకూడదో అది ఊరంతటికీ తెలిసింది. ఏది ఆ ఇల్లాలికి తెలియాలో అది ఆమెకు తెలియలేదు. మూయవలసిన తలుపు తెరిచాము, తెరవవలసిన తలుపు మూతపడింది. మొదటిది మేము చేసినది. రెండవదానికి మేము కాగితం చదవకుండా సంతకం పెట్టి తోడుపడ్డాము. ఈ రోజు చెప్పదలచినదంతా ఈ రెండు తలుపుల గురించే.

అయితే జబ్బుల సంగతి అసలు ఎక్కడా రాయకూడదా? ఎవరికీ చెప్పకూడదా? అలా అంటే మన ప్రాంతానికే అన్యాయం చేసినవాళ్ళం అవుతాము. మన నీళ్ళ సంగతి తీసుకోండి. పళ్ళమీద మరకలు, వంగిన నడుములు, బిగుసుకుపోయిన కీళ్ళు మనకు కొత్త కాదు. దాన్ని ఒకప్పుడు విధి అనుకున్నారు. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు వైద్య శాస్త్రజ్ఞులు నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్ వ్యాధిని గురించి ఇండియన్ మెడికల్ గెజిట్ అనే పత్రికలో వ్యాసం ప్రకటించారు. ఆనాడు మన దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలోవే. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో గదా. మనుషులలో ఈ వ్యాధిని గురించి మన దేశంలో వెలువడిన తొలి వివరాలలో ఆ వ్యాసం ఒకటి. నీటిలోని ఫ్లోరైడు వల్ల ఎముకలు చెడుతున్నాయని అచ్చులో పడిన తరువాతనే అది విధి కాదు, నీళ్ళ దోషం అని లోకానికి తెలిసింది. నీళ్ళు మార్చమని అడిగే హక్కు మనకు వచ్చింది. ఆనాటి రోగుల బాధ రికార్డు కాకపోతే ఈనాటికీ మనం నుదుటి రాత అనుకుంటూ ఉండేవాళ్ళమేమో! కనుక రికార్డు చెడ్డది కాదు. ఆ రికార్డు పని చేయటానికి ఫలానా వారి అబ్బాయి ఫలానా అని పేరు అక్కరలేదు. నీళ్ళలో ఎంత ఫ్లోరైడు, ఎంతమందికి జబ్బు, ఏ వయసు వారికి అన్నది చాలు.

ఇంకొక ఉదాహరణ. మన తెలుగువాడు, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పనిచేసేటప్పుడు ఆయన బృందం తయారుచేసిన మందులలో అమినోప్టెరిన్ ఒకటి. బోస్టన్ నగరంలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సరుతో ఉన్న చిన్న పిల్లలకు దాన్ని ఇచ్చి చూశాడు. అప్పటికి ఆ జబ్బుకు మందే లేదు. 1948 జూన్‌లో ఫలితాలు అచ్చువేశాడు. 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో కొంతకాలం గుణం కనిపించింది. అది తాత్కాలికమే అని పేరులోనే రాశాడు, దాచలేదు. గుణం కనిపించని పిల్లల సంగతీ లెక్కలోనే ఉన్నది. ఆ వ్యాసంలో పిల్లలను పొడి అక్షరాలతో సూచించారు గాని పూర్తి పేర్లు వేయలేదు. ఆ లెక్క లోకానికి దొరికింది కాబట్టే తరువాతివారు దానిమీద కట్టుకుంటూ పోయారు. సుబ్బారావు గారు ఆ ఏడాదే ఆగస్టులో కన్నుమూశారు. ఈనాడు పిల్లల రక్త క్యాన్సరు చాలావరకు నయమవుతున్నదంటే ఆ 16 మంది పిల్లల ఋణం మనమీద ఉన్నది. పేరు దాచి లెక్క చెప్పటం సాధ్యమే అని డెబ్బై ఏళ్ళకు పైగా కిందటి ఈ సంగతే నిరూపిస్తున్నది.

మరి మన నేలమీద ఎలా జరిగింది? 2009 జూలైలో ఆనాటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుండి 14 ఏళ్ళ ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా టీకా వేసే పథకం మొదలుపెట్టారు. పాత్ అనే అమెరికా సంస్థ, మన దేశపు వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. ఆ పిల్లల్లో చాలామంది గిరిజనుల బిడ్డలు, ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో ఉండి చదువుకునేవారు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలు వచ్చాక 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఇక్కడ న్యాయంగా మాట్లాడాలి. ఆంధ్రలో 5గురు, గుజరాత్‌లో ఇద్దరు చనిపోగా, ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్లు కనబడదని ప్రభుత్వం వేసిన విచారణ సంఘం చెప్పింది. టీకా విషమని మేము అనటం లేదు. ఆ టీకాను ఈనాడు ఎన్నో దేశాలలో వేస్తున్నారు, మేలు చేస్తున్నది.

తప్పు టీకాలో కంటే కాగితంలో ఉన్నది. 2013 ఆగస్టు 30న పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఆ సంగతి వివరంగా రాసింది. ఆంధ్రలో చూసిన 9,543 అంగీకార పత్రాలలో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాలమీద హాస్టలు వార్డెన్ల సంతకాలు. అమ్మానాన్నలు అడవిలో ఊళ్ళో ఉన్నారు, వార్డెను సంతకం పెట్టాడు. ఆ వార్డెను చెడ్డవాడని అనగలమా? పైనుండి చెప్పారు, చేశాడు. మేము బస్సు తొందరలో సాక్షి సంతకం పెట్టినట్లే. టీకా తరువాత ఏ పిల్లకు ఏమైందో సరిగా నమోదు చేసే ఏర్పాటు లేదని కూడా ఆ నివేదిక తప్పుబట్టింది. చూడండి, అక్కడా అదే కథ. చనిపోయిన పిల్లల పేర్లు, ఊర్లు దేశమంతా పత్రికల్లో చదివింది. మిగతా వేల పిల్లలకు ఏమైందన్న లెక్క మాత్రం సరిగా లేదు.

అంత దూరం ఎందుకు, మన పొరుగున పల్నాడులో పిడుగురాళ్ళ చూడండి. 2011 జూన్‌లో అక్కడి పేద స్త్రీల సంగతి బయటపడింది. దళారులు డబ్బు ఆశచూపి హైదరాబాదు తీసుకువెళ్ళి మందుల పరీక్షలకు కూర్చోబెట్టారు. ఏ మందు మింగారో, అది ఏ జబ్బుదో వారికి తెలియదు. ఢిల్లీలోని ఔషధ నియంత్రణాధికారి ఆ ప్రయోగశాల అనుమతిని నిలిపివేశారు. ఒంటికి ఏమి ఎక్కుతున్నదో తెలియకుండా ఒళ్ళు అప్పగించటమంటే అంతకన్న బీదతనం ఏముంది?

ఇక దేశం మొత్తం లెక్క. 2005 నుండి 2012 వరకు మందుల పరీక్షల కాలంలో 2,644 మంది చనిపోయారనీ, అందులో 80 మరణాలు పరీక్షల వల్లనే అనీ కేంద్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు తెలిపింది. తక్కినవారు జబ్బువల్ల పోయి ఉండవచ్చు, ఎందుకంటే పరీక్షలో చేరేవారిలో చావుకు దగ్గరైన రోగులు చాలామంది ఉంటారు. అయితే ఏది జబ్బువల్ల, ఏది మందువల్ల అని తేల్చాలంటే రికార్డు ఉండాలి, చూసేవాడు ఉండాలి, అడిగేవాడు ఉండాలి. కోర్టులో పిటిషను పడి అడిగినందువల్లనే ఆ అంకెలు మనదాకా వచ్చాయి.

ఆ తరువాత నిబంధనలు బిగించారు. మనకు పనికివచ్చేవి నాలుగైదు చెబుతాము, దయచేసి గుర్తుపెట్టుకోండి.

మన దేశంలో మనుషులమీద జరిగే మందుల పరీక్షలను నమోదు చేసే పట్టిక ఒకటి 2007 జూలైలో మొదలైంది. 2009 జూన్ 15 నుండి ప్రతి పరీక్షను అందులో నమోదు చేయటం తప్పనిసరి చేశారు. ఇంటర్నెట్టులో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ఏ మందు, ఏ జబ్బుకు, ఎవరు చేయిస్తున్నారు, ఏ ఏ ఆసుపత్రుల్లో, ఎంతమంది మీద, బాధ్యుడైన డాక్టరు ఎవరు అన్నవి అందులో ఉంటాయి. రోగి పేరు ఒక్కటి కూడా ఉండదు. తెరవవలసిన తలుపు ఇదే. ప్రతి పరీక్షకూ ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరు మేము ఆనాడు ఒక చీటీమీద రాసుకొని ఉంటే ఆ ఇల్లాలి ముందు తలవంచుకొని నిలబడవలసిన పని లేకపోయేది.

2019 మార్చిలో వచ్చిన కొత్త మందుల, వైద్య పరీక్షల నిబంధనల ప్రకారం రోగికి అర్థమయ్యే భాషలో వివరించి, రాతపూర్వకంగా అంగీకారం తీసుకోవాలి. చదువురాని వారైతే ఆసుపత్రితో సంబంధం లేని, చదువు వచ్చిన సాక్షి ఉండాలి. ఆ సాక్షి చెప్పినదంతా విని, రోగికి అర్థమైందని నమ్మిన తరువాతే సంతకం పెట్టాలి. ఇది మాకు అప్పుడు తెలియదు. సాక్షి అంటే పక్కన ఉన్నవాడు అనుకున్నాము. సాక్షి అంటే కాపలా అని ఇప్పుడు తెలుసుకున్నాము. సమాచార పత్రం, అంగీకార పత్రం నకలు రోగికి ఇవ్వాలి. ఎప్పుడు కావాలంటే అప్పుడు పరీక్షనుండి తప్పుకోవచ్చు, దానివల్ల మామూలు వైద్యం ఆపరాదు. పరీక్షవల్ల హాని జరిగితే వైద్యం చేయించాలి, నష్టపరిహారం ఇవ్వాలి, మరణిస్తే వారసులకు చెల్లించాలి. రోగి పేరు రహస్యంగా ఉంచుతాము, అయితే నైతిక సంఘం వారు, ప్రభుత్వ అధికారులు రికార్డు తనిఖీ చేయవచ్చు అని ముందే చెప్పాలి. అంటే పూర్తి రహస్యం అనేది ఉండదు. ఎవరు చూస్తారో ముందే చెప్పి, ఒప్పుకున్నవారికి మాత్రమే చూపటం. మందా, ఉత్త గోళీనా అన్నది పరీక్ష నడుస్తున్నంతకాలం మామూలుగా డాక్టరుకు కూడా తెలియదు. పరీక్ష ముగిసి లెక్కలు తేలాక అడగవచ్చు. అది అడిగే తీరు ఎలాగో కాగితంమీద సంతకం పెట్టకముందే కనుక్కోవాలి.

మామూలు వైద్యంలో కూడా ఒక హక్కు ఉన్నది, చాలామందికి తెలియదు. 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమాల ప్రకారం రోగి గాని, అతడు అధికారమిచ్చిన మనిషి గాని తన వైద్య రికార్డు అడిగితే 72 గంటలలో ఇవ్వాలి. ఆసుపత్రిలో పడుకున్న రోగుల రికార్డును 3 సంవత్సరాలు భద్రపరచాలి. రోగి రహస్యం రోగి కోసమే. రోగినుండి దాచటానికి కాదు. "రహస్యం" అన్న మాట వినగానే మేము వెనక్కి తిరిగి వచ్చాము. ఆ ఇల్లాలి చేత అర్జీ రాయించుకొని మళ్ళీ వెళ్ళవలసింది. ఆ బుద్ధి అప్పుడు పుట్టలేదు.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది, పెద్దలు ఆలోచించాలి. రహస్యం అనే తెర వెనుక రోగి దాక్కుంటే అది గౌరవం. తప్పు చేసినవాడు దాక్కుంటే అది మోసం. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు 9 మంది న్యాయమూర్తుల ధర్మాసనం సొంత విషయాల గోప్యత ప్రతి మనిషికీ ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. మంచి తీర్పు. దాని తరువాత 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని ఒక నిబంధనను కురచచేసింది. ఇదివరకు సొంత సమాచారం ఇవ్వనక్కరలేదు, కాని ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలి అని అక్కడే రాసి ఉండేది. సవరణతో అక్కడ "సొంత సమాచారం ఇవ్వనక్కరలేదు" అన్న ముక్క మాత్రమే మిగిలింది. ప్రజా ప్రయోజనం మాట అదే చట్టంలో వేరొక చోట ఇంకా ఉన్నది, కాని వెతికి వాదించాలి. పేదవాడు వాదించగలడా? ఇందుకే మనలో నలుగురు చదువుకున్నవారైనా ఈ తేడా తెలుసుకొని ఉండాలి. రోగి పేరు వేరు, పరీక్ష లెక్క వేరు. మొదటిది అడిగితే తప్పు, రెండవది అడగకపోతే తప్పు.

ప్రభుత్వం వారు సైతం ఈ తేడా మరచిన సందర్భం మన రాష్ట్రంలోనే ఉన్నది. 2018 జూన్‌లో అన్న సంజీవిని మందుల దుకాణాలలో కొన్నవారి పేర్లు, ఫోన్ నంబర్లు, ఏ మందు కొన్నారన్న వివరాలు ప్రభుత్వ వెబ్‌సైటులో ఎవరికైనా కనిపించేలా ఉన్నాయని పత్రికల్లో వచ్చింది. కావాలని పెట్టి ఉండకపోవచ్చు. కాని మందు పేరు తెలిస్తే జబ్బు తెలుస్తుంది. జబ్బు తెలిస్తే పెళ్ళి సంబంధం, ఉద్యోగం, అద్దె ఇల్లు, అన్నిటికీ ముడిపడుతుంది. మన ఊళ్ళలో అది వేరే చెప్పాలా?

జబ్బు సంగతి ఒక మనిషితో ఆగదు, ఇంటిల్లిపాదిదీ. అమెరికాలో హెన్రియెటా లాక్స్ అనే నీగ్రోజాతి పేదరాలు 1951లో క్యాన్సరుతో చనిపోయింది. ఆమెను అడగకుండా తీసిన కణాలు ఈనాటికీ ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో పెరుగుతున్నాయి, ఎన్నో మందులకు ఆధారమయ్యాయి. 2013లో ఆ కణాల జన్యు పటాన్ని కుటుంబాన్ని అడగకుండా ప్రచురించారు. ఆమె మనుమలు అభ్యంతరం చెప్పారు, నాయనమ్మ రక్తం గుట్టు అంటే మా రక్తం గుట్టు కూడా గదా అని. అదే ఏడాది ఆగస్టులో ఒప్పందం కుదిరింది. కుటుంబ సభ్యులు కూడా ఉన్న ఒక సంఘం ముందు దరఖాస్తు పెట్టుకున్న పరిశోధకులకే దాన్ని ఇస్తారు. ఆ సంగతి చదివినప్పుడు మాకు కంభం సంబంధం గుర్తుకు వచ్చింది. తండ్రి జబ్బు పేరు అచ్చువేసి బిడ్డ బతుకును బజారులో పెట్టాము.

చివరగా, మన జమాత్ అందరికీ గుర్తున్న సంగతి ఒకటి. 2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో కరోనా మొదలైనప్పుడు ఢిల్లీ వెళ్ళివచ్చినవారి పేర్లు, ఫోన్ నంబర్లు చేతి ఫోన్లలో ఊరూరా తిరిగాయి. జబ్బు ఉన్నవాడూ లేనివాడూ ఒకే పట్టికలో. పేరు చూసి కూరగాయలవాడు రావటం మానేశాడు. వైద్యానికి వెళ్ళవలసినవాడు భయపడి ఇంట్లో కూర్చున్నాడు. పట్టిక బయటపెడితే జబ్బు తగ్గలేదు, దాక్కోవటం పెరిగింది. కొద్ది వారాలకే, కోలుకున్న ఆ మనుషులే కొందరు ఢిల్లీలోనూ ఇతర నగరాలలోనూ తమ రక్తంలోని ప్లాస్మా ఇవ్వటానికి ముందుకొచ్చారు. అప్పటికి ప్లాస్మా వైద్యం పరీక్షలోనే ఉన్నది. వైద్య పరిశోధనా మండలి దేశంలో 39 ఆసుపత్రుల్లో 464 మంది రోగులతో పరీక్ష చేసింది. ప్లాస్మా ఎక్కించినవారిలో 44 మందికి జబ్బు ముదరటమో ప్రాణం పోవటమో జరిగితే, ఎక్కించనివారిలో 41 మందికి అలా జరిగింది. అంటే లాభం లేదు. అదే సంవత్సరం అక్టోబరులో ఉన్నది ఉన్నట్టు లోకానికి చెప్పారు. 2021 మే నెలలో ఆ వైద్యాన్ని పద్ధతులనుండి తీసివేశారు.

ఇక్కడ మా మాట గమనించండి. ఆ 464 మందిలో ఒక్కరి పేరూ మనకు తెలియదు. వారి వల్ల తేలిన నిజం మాత్రం మనకు తెలుసు. అదే 2020లో, అదే దేశంలో, ఒక పక్క పట్టికలో పేర్లున్నాయి, ప్రయోజనం లేదు. ఇంకో పక్క పేర్లు లేవు, ప్రయోజనం ఉన్నది. ఇంతకంటే తేటగా ఎవరు చెప్పగలరు?

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాము. సావనీరులో పేర్లు తీసేద్దామని కార్యవర్గంలో మేము అన్నప్పుడు కొందరు పెద్దలు అడ్డుచెప్పారు. వారి మాటలో న్యాయం ఉన్నది. "దాత పది రూపాయలిస్తే అది ఎవరి చేతికి పోయిందో చూడాలనుకుంటాడు. పేరు లేకపోతే దొంగలెక్క రాయటం తేలిక" అన్నారు. నిజమే. పేరు దాచటం మాకు చాటు కాకూడదు. అందుకని పేరు తీసేసి ఊరుకుంటే చాలదు, దాని బదులు లెక్క గట్టిగా ఉండాలి. మా ఉపసంఘం తరఫున ఈ సభముందు ఈ క్రింది మనవులు పెడుతున్నాము.

మొదటిది. ఈ ఏడాది సావనీరు మొదలు సహాయం పొందినవారి పేరు, తండ్రి పేరు, ఊరు, జబ్బు వేయము. ఎంతమందికి, మొత్తం ఎంత, ఒక్కొక్కరికి ఇచ్చినది ఎంత అన్నది నంబరు వారీగా వేస్తాము.

రెండవది. పేర్లున్న అసలు పుస్తకం ఒక్కటే ఉంటుంది. రెండు తాళాల పెట్టెలో, రెండు తాళాలు ఇద్దరి దగ్గర. ఏటా ఆడిటరుతో బాటు కార్యవర్గంలో లేని ఇద్దరు దాతలను మీరే ఎన్నుకోండి. వారు నంబరుకు పేరు సరిచూసి, రశీదు చూసి సంతకం పెడతారు, బయట పలకరు.

మూడవది. చందాలకోసం రోగి ఫొటో, ఆసుపత్రి రిపోర్టు ఫోన్లలో పంపటం మానాలి. రోగి ఒప్పుకుంటే అవసరం రాయండి, ముఖం వద్దు. ఆకలిమీద ఉన్నవాడు ఒప్పుకోక ఏం చేస్తాడు? ఒప్పుకున్నాడు గదా అని మనం హద్దు దాటకూడదు.

నాలుగవది. పట్నం ఆసుపత్రికి వెళ్ళేవారికి తోడుగా చదువుకున్న పిల్లలు నలుగురు కావాలి. అందులో ఇద్దరు ఆడపిల్లలైతే మంచిది. మన ఆడవారి జబ్బు సంగతి మగవాళ్ళ ముందు చెప్పుకోలేక సగం చెప్పి వస్తున్నారు. ఈ పిల్లలు చేయవలసినది ఇంతే: ఇది మామూలు వైద్యమా, పరీక్షా అని అడగటం. పరీక్ష అయితే నమోదు నంబరు రాసుకోవటం. కాగితం తెలుగులో లేదా ఉర్దూలో అడిగి చదివి వినిపించటం. హాని జరిగితే ఎవరికి ఫోను చేయాలో, ఒప్పుకోకపోతే ఏ వైద్యం దొరుకుతుందో అడగటం. నకలు చేతిలో పెట్టుకొని బస్సెక్కటం. బస్సు పోతే పోనివ్వండి. ఆ రాత్రి ఉండటానికయ్యే ఖర్చు సంఘం భరిస్తుంది.

మందుల పరీక్షలకు పోవద్దని మేము చెప్పటం లేదు. ఎవరో ఒకరు ముందు మింగబట్టే ఈనాడు మనం మింగే ప్రతి మందూ వచ్చింది. పోయేవారు కళ్ళు తెరుచుకొని, తల ఎత్తుకొని పోవాలి. వెనక వారి పేరు బజారున పడకూడదు. ముందు వారి వల్ల తేలిన లెక్క దాగకూడదు. మన ఇళ్ళల్లో ఎవరైనా మూట తెచ్చి దాచమని ఇస్తే దాన్ని విప్పి చూస్తామా? అమానత్ అంటాము, అలాగే తిరిగి ఇస్తాము. జబ్బుపడ్డవాడు మన చేతికిచ్చే గుట్టు కూడా అటువంటి మూటే.

ఆ ఇల్లాలు ఈ రోజు ఈ సభలో, తెర అవతల ఉన్నదో లేదో మేము చూడలేదు. ఉంటే, ఆమె అడిగిన ప్రశ్నకు మా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ఆ అర్జీ ఈసారి ఆమె పేరుమీద, ఆమె సంతకంతో రాయించుకొని మేమే తీసుకువెళతాము. జవాబు వస్తే ఆమెకు ఒక్కదానికే చెబుతాము. వచ్చే ఏడాది ఈ సభలో ఏమన్నారని మీరు మమ్మల్ని అడగవద్దు. వెళ్ళారా లేదా అని మాత్రం తప్పక అడగండి.